పాత పడవ యంత్రపు సాక్ష్యం

పిల్లలూ! పాత స్కూటరు ఒక్కొక్కరోజు ఎంత తన్నినా కదలదు. అప్పుడు మెకానిక్కు దాని కార్బురేటరును విప్పి, అందులోని సన్నని రంధ్రంలో గాలి ఊది, తిరిగి బిగిస్తాడు. మీలో కొందరు చూసే ఉంటారు. 2020లో మన దేశంలో వాహనాల పొగ మీద కొత్త నిబంధనలు వచ్చాయి. అప్పటినుంచి చాలా కొత్త బళ్ళలో దీనికి బదులు పెట్రోలును కొలిచి చిమ్మే మరొక పరికరాన్ని పెడుతున్నారు. అందుచేత కార్బురేటరు మెల్లమెల్లగా పాత సామాన్లలో చేరిపోతున్నది.

ఇంతకూ అది చేసే పని ఏమిటి? పెట్రోలు ద్రవంగా ఉన్నంతసేపు యంత్రంలో సరిగా మండదు. దాన్ని తుంపరగా చేసి గాలితో కలపాలి. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్ళు గాలి కావాలి. ఈ పాళ్ళు కుదిర్చేదే కార్బురేటరు.

జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇద్దరు 1886లో ఒక పడవకు పెట్రోలు యంత్రం బిగించి నెకర్ నదిలో నడిపారు. 1893లో మేబాక్ పెట్రోలును సన్నని రంధ్రంలోనుంచి చిమ్మే కార్బురేటరును రూపొందించాడు. అదే సంవత్సరం హంగరీలో డొనాట్ బాంకి, యానోష్ చొంక అనేవారు ఇటువంటిదానికే పేటెంటు తీసుకున్నారు. ఆ తరువాత కొద్దికాలానికే అమెరికా తీరాలలో చేపలు పట్టేవాళ్ళు కూడా తెడ్లు పక్కనపెట్టి, పడవలకు చిన్న యంత్రాలు బిగించుకోసాగారు.

ఆ యంత్రాలు చేసే కార్ఖానాలు ఊరూరా వెలిశాయి. అయితే వాటిలో చాలా కార్ఖానాలు కార్బురేటరును సొంతంగా చేసుకునేవి కావు. అదే పనిగా చేసేవాళ్ళ దగ్గర కొని బిగించేవి. సిన్సినాటి నగరంలో లంకెన్‌హైమర్, ఇండియానాపొలిస్‌లో షెబ్లర్, కొకోమోలో కింగ్‌స్టన్ కార్బురేటర్లు ఆ రోజుల్లో పేరుపడ్డవి. చొక్కా గుండీ మీద ఉన్న పేరునుబట్టి ఆ చొక్కా కుట్టిన దర్జీ ఎవరో చెప్పగలమా? కార్బురేటరు మీది పేరునుబట్టి యంత్రం ఎవరిదో చెప్పడం కూడా అంతే.

2018లో నేను అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, అట్లాంటిక్ తీరాన ఒక ఊళ్ళో పాత పడవ యంత్రాల ప్రదర్శన జరిగింది. ఒక మూల ఎనభై ఏళ్ళ పెద్దాయన తన తాతగారి చేపల పడవలోని యంత్రాన్ని పెట్టుకుని కూర్చున్నాడు. దాని పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది. కార్బురేటరు మీద కంపెనీ పేరు ఉండవలసిన చోట అంతా అరిగి నున్నగా ఉన్నది. “మా ఇంట్లో దీన్ని 1902 నాటి యంత్రమనే చెప్పుకుంటారు. అది నిజమో కాదో ఈ వయసులో తేల్చుకుందామని కూర్చున్నాను,” అన్నాడాయన. నేను పక్కనే ఒక స్టూలు వేసుకున్నాను.

ఆయన మొదట చూపించినది దాని జాతి. ఆ కాలపు పడవ కార్బురేటర్లలో ముఖ్యంగా రెండు రకాలు కనబడతాయి. మొదటిది మిక్సింగ్ వాల్వు. దీనికి పెట్రోలు నిలవుండే తొట్టి లేదు. స్ప్రింగు అదిమిపట్టిన ఒక గుండ్రని బిళ్ళ ఉంటుంది. యంత్రం గాలిని పీల్చినప్పుడు బిళ్ళ లేస్తుంది; దాని కింద మూసుకుని ఉన్న చిన్న రంధ్రం తెరుచుకుని, పెట్రోలు గాలిలో కలుస్తుంది. పీల్చడం ఆగగానే బిళ్ళ పడి రెండూ మూసుకుంటాయి. రెండవ రకంలో చిన్న తొట్టి, అందులో తేలే ముక్క ఉంటాయి. పెట్రోలు నిండితే ముక్క పైకి లేచి దారి మూస్తుంది. తగ్గితే దిగి దారి తెరుస్తుంది. ఆ ముక్కను బెండుతో చేసి, నానకుండా లక్క పూసేవారు. పెద్దాయన కార్బురేటరుకు తొట్టి ఉన్నది. అంటే అది రెండవ జాతిది.

తరువాత లోహం. చిలుము పట్టిన చోట ఒక్క గీత గీసేసరికి లోపల పసుపుగా మెరిసింది. ఉప్పునీటికి ఇనుము తుప్పుపడుతుంది గనక పడవల వస్తువులను కంచుతోనూ ఇత్తడితోనూ చేసేవారు. “అయితే ఇది పడవకోసం చేసినదే కదా!” అన్నాను నేను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ రోజుల్లో కార్లకు కూడా ఇత్తడి కార్బురేటర్లే ఉండేవి. షెబ్లర్‌వంటివారు ఒకే రకాన్ని కార్లకూ పడవలకూ అమ్మారు. కాబట్టి ఇత్తడి ఒక్కటే సాక్ష్యం చాలదు.

కొలతలోనూ ఒక చిక్కు ఉన్నది. అమెరికాలో “ఒక అంగుళం” గొట్టమంటే దాని మర బయటి కొలత అంగుళం కాదు. సుమారు అంగుళంమీద మూడోవంతు, అనగా 33 మిల్లీమీటర్లు ఉంటుంది. ఈ సంగతి తెలియనివారు స్కేలు పెట్టి కొలిచి, ఆ కొలతను కంపెనీ పాత పట్టికలో వెతికితే ఎంతకూ దొరకదు.

చివరికి అక్షరాలు. పెద్దాయన వాటిని గీకలేదు, ఆకురాయి పెట్టలేదు. మీరు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుతారు చూడండి, అదే చేశాడు. కాగితంమీద మెల్లగా “పేటెంటు, మే 6, 190” అని తేలింది. ఆఖరి అంకె మాత్రం 2లాగా ఉన్నది, 3లాగా ఉన్నది, 8 అన్నా కాదనడానికి లేదు.

అప్పుడాయన ఒక ఉపాయం చెప్పాడు. అమెరికా ప్రభుత్వం పేటెంట్లను మంగళవారం నాడు మంజూరు చేస్తుంది. ఆ కాలంలోనూ అంతే, ఈనాటికీ అంతే. కాబట్టి ఆ మూడు సంవత్సరాలలో మే 6 ఎప్పుడు మంగళవారమైనదో చూస్తే సరిపోతుంది.

మీరు కూడా పలకో కాగితమో తీసుకోండి. 1900 జనవరి 1 సోమవారం. మామూలు సంవత్సరం గడిస్తే వారం ఒకటి ముందుకు జరుగుతుంది. కాబట్టి 1902 జనవరి 1 బుధవారం. అక్కడినుంచి మే 6కు 31, 28, 31, 30, 5 కలిపితే 125 రోజులు. 125ను 7తో భాగిస్తే శేషం 6. బుధవారం తరువాత ఆరవరోజు మంగళవారం! 1903లో ఆ తేదీ బుధవారం. 1908లో కూడా బుధవారమే. 1904, 1908 లీపు సంవత్సరాలని మరిచిపోకండి. ఆ అరిగిన అంకె 2 అని తేలిపోయింది.

“అయితే మీ ఇంట్లోవాళ్ళు చెప్పినది నిజమే!” అన్నాను సంతోషంగా. చుట్టూ నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “ఇంట్లోవాళ్ళకు 1902 అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఎవరో దీన్ని చదివి ఉంటారు. కాని ఇది పేటెంటు ఇచ్చిన తేదీ. వస్తువును పోతపోసిన తేదీ కాదు,” అన్నాడు.

ఆలోచిస్తే ఆ మాట ఎంత నిజం! ఆ కాలంలో అక్కడ పేటెంటుకు 17 ఏళ్ళ గడువు ఉండేది. ఆ తేదీ వేసిన వస్తువును 1902లో చేసి ఉండవచ్చు, 1910లోనూ చేసి ఉండవచ్చు. ఆ తేదీ “ఇంతకు ముందుది కాదు” అని మాత్రమే చెబుతుంది. పైగా కార్బురేటరు రెండు మేకులు విప్పితే ఊడివచ్చే వస్తువు. అది పాడైతే తాతగారు ఇంకొకటి కొని బిగించి ఉండవచ్చు. అప్పుడది యంత్రం వయసు గురించి ఏమీ చెప్పదు.

ఇంతలో పాత యంత్రాలు కొనే ఒకాయన వచ్చి, “చీటీమీద 1902 అని వ్రాసి ఇవ్వండి, మంచి ధర ఇస్తాను,” అన్నాడు. పెద్దాయన నవ్వి, అట్టముక్క తీసి ఇలా వ్రాశాడు: “కార్బురేటరు 1902 మే 6కు ముందుది కాదు. యంత్రం ఏ సంవత్సరానిదో తెలియదు. మా తాతగారి పడవలో పనిచేసింది.” కొనేవాడు వెళ్ళిపోయాడు. పెద్దాయన ఆ అట్టను యంత్రానికి దారంతో కట్టాడు.

తెలిసినదాన్ని ఒక వరుసలో, ఊహించినదాన్ని ఇంకొక వరుసలో వ్రాయమని మనం సైన్సు పాఠంలో చెప్పుకుంటాం. ఆ చీటీ ఖరీదు ఆ వరుసల మధ్య ఉన్న గీతలోనే ఉన్నదని నాకనిపించింది.

ఇప్పుడు మీకొక లెక్క. మరొక అమెరికా కార్బురేటరు మీద “పేటెంటు, జూన్ 11, 190” అని ఉండి, ఆఖరి అంకె అరిగిపోయినదనుకోండి. అది 1 అయినా కావచ్చు, 7 అయినా కావచ్చు. 1901లో ఏ వారం వచ్చిందో, 1907లో ఏ వారం వచ్చిందో కట్టిచూడండి. జవాబు వచ్చాక లెక్క తప్పిందేమోనని కంగారుపడకండి, తప్పలేదు. ఆ కార్బురేటరుకు కట్టే చీటీమీద మీరైతే ఏమని వ్రాస్తారో చెప్పండి చూద్దాం!