నలభై నాలుగక్షరాల ముద్రిక

మా ఇంట్లో పదకొండు క్యాసెట్లున్నాయి. 1988 మొదలుకొని 1997 దాకా మా ఆవిడ ఉయ్యాల చెంతనూ, వంటింట్లోనూ, పూజగదిలోనూ పాడుకొన్న పాటలవి. లాలిపాటలు, మంగళహారతులు, గొబ్బిపాటలు, అట్లతద్దినాటి పాటలు. కొన్ని ఆవిడకు చెప్పి రికార్డు చేసినవి, కొన్ని చెప్పకుండా. కుక్కరు కూత, వీధిలో కూరలమ్మి కేక, నా దగ్గు కూడా వాటిలో చేరిపోయాయి. ఆవిడ 2019లో కాలం చేసింది. ఆ మరుసటి సంవత్సరం, గడప దాటరాని రోజుల్లో, పెన్సిలుతో టేపు బిగిస్తూ ఆ పాటలన్నిటినీ ఆడాసిటీ సాయంతో కంప్యూటరులోకి ఎక్కించాను.

వాటిని ఉంచడానికి రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో ఇమిడే కంప్యూటరు ఒకటి కొన్నాను. దానిలో జెల్లీఫిన్ నడుస్తుంది. ఎంబీ అనే సాఫ్ట్‌వేరు తన మూలసంకేతాన్ని మూసివేసినప్పుడు, 2018 డిసెంబరులో దాని నుండి చీలి వచ్చిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఇది. ఇంట్లో ఏ గదిలోనైనా ఫోను తెరిచి పాట ఎంచుకొంటే వినిపిస్తుంది. ఇంటి వరకు ఏ లోటూ లేదు.

మెల్బోర్నులో ఉన్న మా అమ్మాయికి పాప పుట్టాక వచ్చింది చిక్కు.

"నాన్నా, అమ్మ లాలి పాపకు వినిపించాలి. ఎలాగైనా ఏర్పాటు చెయ్యండి" అంది. ఒక పాటను ఫోనులో పంపాను. వారం తిరగకుండా అది దగ్గరి చుట్టాల గుంపులోకి, అక్కడి నుండి దూరపు చుట్టాల గుంపులోకి ప్రాకి, ఎవరో అతికించిన గులాబీపూల బొమ్మతో, శుభోదయం అన్న అక్షరాలతో నాకే తిరిగి వచ్చింది. పంపిన వారికి ఆ గొంతు ఎవరిదో తెలియదు. మా ఆవిడ పేరంటానికి వెళ్ళి, ఎంత బతిమాలినా "గొంతు బాగా లేదు వదినా" అని తప్పించుకొన్న మనిషి. ఆవిడ పాట మా నాలుగు గోడలది. అందుచేత పాట బయటికి వెళ్ళదు, అమ్మాయే ఇంట్లోకి రావాలి అని నిశ్చయించుకొన్నాను.

ఇంట్లోకి రావడానికి ఇంటికి చిరునామా ఉండాలి కదా! మాకు లేదని అప్పుడు తెలిసింది. రౌటరులో కనబడే ఐపీ చిరునామా 100.64 తోటి మొదలయింది. అది అనేక ఇళ్ళను ఒకే బయటి చిరునామా వెనుక కూర్చోబెట్టడానికి 2012లో ప్రత్యేకించిన వరుస. పెద్ద అపార్టుమెంటులో వాచ్‌మన్‌కు మన పేరు తెలియనట్లన్నమాట: మనం పంపిన ఉత్తరానికి జవాబు వస్తుంది కానీ, తమంతట తాము వచ్చిన వారు గేటు వద్దనే నిలిచిపోతారు. మా ఇంటర్నెట్ వారిని అడిగి, కొంత రుసుము కట్టి, స్థిరమైన చిరునామా తెచ్చుకొన్నాను. అంతటితో ఆగక, రౌటరులో 8096వ పోర్టును బారుగా తెరిచి ఉంచాను. అమ్మాయి విన్నది. నేను గర్వపడ్డాను.

మూడోనాడు లాగు చూస్తే ఎవరెవరో ప్రవేశానికి ప్రయత్నించి విఫలమైన జాడలు వరుసగా ఉన్నాయి. అడ్మిన్ అని ఒకడు, రూట్ అని మరొకడు. వారు మనుషులు కారు, రాత్రింబగళ్ళు ప్రపంచంలోని ప్రతి తలుపునూ తట్టి చూసే యంత్రాలు. నా సంకేతపదమేమో మా ఆవిడ పేరూ, మా పెళ్ళయిన సంవత్సరమూ. పైగా ఆ మార్గంలో వెళ్ళే మాటకు ఏ ముసుగూ లేదు, సంకేతపదం కూడా తెరిచిన కార్డుముక్క వలె ప్రయాణం చేస్తోంది. ఒళ్ళు జలదరించి తలుపు మూసివేశాను.

హైదరాబాదులో ఇంజనీరుగా ఉన్న పూర్వ విద్యార్థికి ఫోను చేశాను. "మాస్టారూ, నేను ఇక్కణ్ణుంచే చేసిపెడతానండీ" అన్నాడు. "వద్దు నాయనా, చెప్పు, నేను చేస్తాను" అన్నాను. ఎనిమిదో తరగతిలో సంధులు విడదీయలేక ఏడ్చిన కుర్రవాడు, ఎంత ఓపికగా చెప్పాడో! చిరునామా కొనకుండానే, ఇరుపక్షాలూ లోపలి నుండి బయటికి వచ్చి కలుసుకొనే టెయిల్‌స్కేల్ వంటి మార్గాలున్నాయని ముందే చెప్పి ఉండేవాడట. రుసుము కట్టేశాను గనుక వైర్‌గార్డ్ నేరుగా పెట్టుకొందామన్నాను. 2020 మార్చిలో లినక్స్ కెర్నెలులోనే చేరిన పద్ధతి ఇది.

దీని కిటుకు నాకు సుందరకాండ మూలంగా సులభంగా బోధపడింది. హనుమ రాముడి ముద్రిక చూపితే సీతమ్మ నమ్మింది. సీతమ్మ చూడామణి తెస్తే రాముడు నమ్మాడు. ఇక్కడా ఇరువైపులా ఆనవాళ్ళు మార్చుకోవాలి. కానీ ఉపమానం ఇక్కడితో ఆగుతుంది. ఉంగరం దారిలో ఎవరి చేత పడితే వాడే దూత అయిపోతాడు. వైర్‌గార్డులో ప్రతి పరికరానికీ రెండు తాళంచెవులు: ఒకటి రహస్యం, ఒకటి బహిరంగం. రహస్యమైనది పుట్టిన చోటు నుండి కదలనక్కరలేదు. బహిరంగమైనది నలుగురూ చూసినా హాని లేదు. ఇంత తెలిసీ, అమ్మాయి కోసం తాళంచెవులు రెండూ నేనే తయారుచేసి, క్యూఆర్ బొమ్మగా వాట్సాప్‌లో పంపబోయాను. "మాస్టారూ! అందులో రహస్యపు చెవి కూడా ఉంటుందండీ!" అని శిష్యుడు కేక వేశాడు. అమ్మాయి ఫోనులోనే పుట్టించి, బహిరంగమైనది మాత్రం పంపించమన్నాను. వచ్చింది. నలభై నాలుగక్షరాలు, చివర సమాన చిహ్నం.

దానిని చూసి చూసి టైపు చేశాను. పెద్ద ఐకీ చిన్న ఎల్‌కీ తేడా తెలియక రెండుసార్లు తప్పాను. నలభై యేళ్ళు ఇతరుల అక్షరదోషాలు దిద్దిన చెయ్యి! అంతా సరిచేసినా మార్గం తెరుచుకోలేదు. వైర్‌గార్డ్ స్వభావం మౌనం. తెలియని వారు తట్టితే "ఎవరు?" అని కూడా అనదు, అదే దాని రక్షణ. అయితే తప్పు మనదైనా అదే మౌనం. రెండు సాయంత్రాలు గడిచాక, రౌటరులో 51820వ పోర్టును యూడీపీకి బదులు టీసీపీకి తెరిచానని కనిపెట్టాను.

ఇంకొక ముడి మిగిలింది. మా ఇంటి లోపలి చిరునామాలూ, అమ్మాయి ఇంటి లోపలి చిరునామాలూ 192.168.1 అనే వరుసలోనివే. మా సర్వరును పిలిస్తే ఆమె ఫోను తన ఇంట్లోనే వెతుక్కొంటోంది. "సగోత్రం, పొసగదు" అన్నాను. శిష్యుడు నవ్వి, సొరంగానికి వేరుగా పెట్టుకొన్న 10.8.0.1 అన్న చిరునామాతో పిలవమన్నాడు. గోత్రం మారింది, సంబంధం కుదిరింది. సంకేతపదం కూడా మార్చాను, ఎవరి పేరూ లేకుండా.

ఆ మధ్యాహ్నం రెండున్నరకు, అంటే అక్కడ రాత్రి ఎనిమిదికి, జెల్లీఫిన్ తెర మీద అమ్మాయి ఫోను పేరూ, దాని కింద మూడో క్యాసెట్టు రెండో వైపు లాలీ కనబడ్డాయి. పాట సాగుతున్నట్లు గీత మెల్లగా జరుగుతోంది. ఇక్కడ నాకేమీ వినబడదు. అయినా తెర ముందు నుండి లేవలేదు. కుక్కరు కూత ఎక్కడ వస్తుందో నాకు తెలుసు. అక్కడికి రాగానే గీత ఆగింది, కొంచెం వెనక్కి వెళ్ళింది, మళ్ళీ కదిలింది.

విజయవాడలో మా ఆవిడ చెల్లెలు ఉంది. గొబ్బిపాటల్లో రెండో గొంతు ఆమెదే. "బావగారూ, నాకూ ఆ దారి పెట్టండి" అని కబురు చేసింది. ఆమె ఫోను ఎప్పుడూ మనవడి చేతిలోనే ఉంటుంది. వచ్చే ఆదివారం నేనే వెళ్ళి, ఆ నలభై నాలుగక్షరాలు కాగితం మీద రాసుకొని వస్తాను.