ఉప్పునీటి వరి ఊళ్లో

కొచ్చి దాటి కడమక్కుడి దీవుల్లో అడుగుపెట్టేసరికి వాన తెరిపి ఇచ్చింది. గట్టుకు ఒక పక్క ఉప్పుటేరు, మరో పక్క మోకాటి లోతు బురదలో వరి పొలాలు. ఇక్కడ పండేది పొక్కాలి. ఎర్నాకుళం, అలప్పుళ, త్రిసూర్ జిల్లాల తీరంలో పండే ఈ వరికి 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పొలంలో ఆడవాళ్లు మట్టి దిబ్బలను పారలతో కోసి, నారును వేళ్ల మట్టితో సహా చుట్టూ పరుస్తున్నారు. దిబ్బలెందుకని గట్టు మీదున్న పెద్దాయనను అడిగాను. వెంట వచ్చిన మిత్రుడు ఆయన మాటలను నాకు తెలుగులో చెప్పాడు. "వానలకు ముందే దిబ్బలు పోస్తాం. తొలి వానలు వాటిలోని ఉప్పును కడిగేస్తాయి. ఆ తర్వాతే మొలకెత్తిన గింజలు చల్లుతాం. పసి మొక్క ఉప్పుకు ఆగదు." కోతల్లో వెన్నులే కోస్తారట. మిగిలిన గడ్డి నీళ్లలో కుళ్లి, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అదే పొలంలో పెరిగే రొయ్యలకు మేతవుతుంది.

ఆ మధ్యాహ్నం వైట్టిలలోని వరి పరిశోధన కేంద్రానికి వెళ్లాం. అది కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. "ఉప్పు తగలగానే మొక్కలో ఏం జరుగుతుంది మేడమ్?" అని అక్కడి శాస్త్రవేత్తను అడిగాను. ఆమె వేరు నుంచి మొదలుపెట్టారు.

ఉప్పులోని సోడియం వేరుకు తగిలిన కొన్ని క్షణాల్లోనే కణంలో కాల్షియం పెరుగుతుంది. ఎస్‌ఓఎస్3 అనే ప్రోటీన్ దాన్ని పసిగట్టి ఎస్‌ఓఎస్2ను మేల్కొలుపుతుంది. అది కణపు పొరలో ఉన్న ఎస్‌ఓఎస్1ను పనిలో పెడితే, సోడియం బయటికి పోతుంది. ఈలోగా అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. డీఎన్ఏకు అతుక్కునే ప్రోటీన్లు కేంద్రకంలో చురుకై, కొన్ని జన్యువుల పని పెంచుతాయి, కొన్నిటిని తగ్గిస్తాయి. లోపలికి చేరిన సోడియాన్ని కణంలోని రిక్తిక అనే సంచిలో బంధించే ప్రోటీన్ల తయారీ ఊపందుకుంటుంది.

పొక్కాలి ఒకటో క్రోమోజోమ్‌లో సాల్టోల్ అనే భాగం ఉంది. హెచ్‌కేటీ1;5 అనే జన్యువు అందులోనిదే. వేరులో, నీరు పైకెక్కే నాళాల పక్క కణాల్లో అది పనిచేస్తుంది. పైకి పోతున్న రసంలోంచి సోడియాన్ని వెనక్కి లాగి, ఆకుకు చేరకుండా ఆపుతుంది. పొలం గట్టున రైతు తూము చేసే పనే ఇది.

ఇంకో సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. ఐఆర్29 అనే వరి రకం, పొక్కాలి సంకరణంలో పుట్టిన ఎఫ్‌ఎల్478 రకం ఉప్పును తట్టుకుంటుంది, ఐఆర్29 తట్టుకోలేదు. రెండింటినీ ఉప్పులో పెట్టి చూస్తే, ఎక్కువ జన్యువుల్లో అలజడి కనిపించింది ఐఆర్29లోనే. తట్టుకునే మొక్క తక్కువ జన్యువులతో నిబ్బరంగా నిలిచింది. జన్యువు ఉండటం ఒక్కటే చాలదు. అది ఎప్పుడు, ఏ కణంలో, ఎంత మోతాదులో పనిచేస్తుందన్నదే మొక్క బతుకును తేలుస్తుంది.

పూసా బాస్మతి 1121లోకి కూడా సాల్టోల్‌ను సంకరణంతో చేర్చారు. మన దివిసీమ, బాపట్ల తీరాల్లో ఉప్పు కాటుకు గురవుతున్న చేలకూ ఇలాంటి వరి కావాలి. అయితే విత్తనం ఒక్కటే తెచ్చుకుంటే సరిపోదని ఆ దిబ్బలు చూశాక అర్థమైంది. పసి మొక్కను ఉప్పు నుంచి కాచేది రైతు కాలజ్ఞానం. పెరిగాక దాన్ని నిలబెట్టేది దాని జన్యువుల నియంత్రణ. తరాల తరబడి ఉప్పునీటి పక్కన ఆ రెండూ జతకూడి పొక్కాలిని మనకు మిగిల్చాయి. ఇప్పుడు ఆ సాగు విస్తీర్ణం తగ్గిపోతోంది. దాన్ని నిలుపుకుంటున్న రైతుకు గిట్టుబాటు ధర దక్కాలి. ప్రయోగశాలలో దాచిన గింజ జన్యువును కాపాడగలదు, దాన్ని పండించే తెలివి మాత్రం పొలంలోనే బతకాలి.