జేబు మీద మరక

కొడుకు చొక్కా ఉతకబోతూ జేబు మీద జిగట మరక చూశాడాయన. పెన్ను కారిందేమో అనుకున్నాడు. వాసన చూస్తే... మామిడి!

గుంటూరు నుంచి బర్మింగ్‌హామ్ వచ్చి వారమైంది. ఇన్నాళ్లూ దాచిన సంగతి బయటపడింది. సిగరెట్ మానడానికే వేప్ పట్టాడట కొడుకు. మన దేశంలో 2019 నుంచే ఇవి నిషేధం. అక్కడ పెద్దలు కొనుక్కోవచ్చు.

ఆయన తిట్టలేదు. కిరోసిన్ స్టౌలు బాగుచేసి ఇల్లు నడిపిన మనిషి. ''ఏదీ, ఇటు తే'' అన్నాడు.

కాగితం పరిచి విప్పారు. ట్యాంకు అంచుదాకా నిండి ఉంది. పట్టేదే 2 మిల్లీలీటర్లు, కాస్త గాలికి చోటుండాలి కదా! కాయిల్‌లో దూది నల్లబడింది. ఇక రబ్బరు రింగు... సన్నగా చిట్లింది.

''వాషరు పోతే ఏదైనా కారుతుందిరా.''

కొత్త కాయిల్, కొత్త రింగు వేశారు. దూది నానేదాకా పది నిమిషాలు ఆగారు. కాగితం తడవలేదు.

ఇద్దరూ మురిసిపోతుండగానే మూడేళ్ల మనవరాలు మామిడి వాసనకు సీసా అందుకోబోయింది. కొడుకు గుండె ఆగినంత పనైంది. అందులో ఉన్నది నికోటిన్. పసిపిల్లలు కొంచెం మింగినా ప్రాణం మీదికొస్తుంది. గబుక్కున లాక్కుని పై అరలో పెట్టి తాళం వేశాడు.

''కారడం ఆపాం. తాగడం ఆపేది నీ చేతిలోనే ఉంది'' అన్నాడు బీడీ మానేసిన ఆ తండ్రి, చేతులు సబ్బుతో కడుక్కుంటూ.

''చూస్తాను నాన్నా...''

ఆ తర్వాత కొన్న సీసా మీద 20 అంకె లేదు. 10 ఉంది.