ఉమ్మడి కథాలోకములు ఏల నిలువవు?

ఒక వీరుని కథ చెప్పుట యొక పని. పలువురు వీరులు ఇరుగుపొరుగువారివలె మసలు లోకమును కట్టుట వేఱొక పని. అమెరికా దేశపు కామిక్కు పుస్తకములయందు ఈ రెండవ పని ఎనుబది యేండ్లకు పైబడి జరుగుచున్నది. ఒకని పుస్తకమున కూలిన వంతెన మఱియొకని పుస్తకమున త్రోవకు అడ్డమగును. ఒకనికి తగిలిన దెబ్బను మఱియొకడు వచ్చి పరామర్శించును. దీనిని మేము ఉమ్మడి కథాలోకమని పిలుచుచున్నాము. ఉమ్మడి కుటుంబము నెఱిగినవారికి ఈ పేరు చాలును. డీసీ, మార్వెల్ అను రెండు కంపెనీల లోకములు ఇట్లు తరములు గడపినవి. వానిని చూచి తరువాతివారు కట్టిన లోకములలో చాల భాగము పదియేండ్లైన నిండకమునుపే మూతపడినవి.

ఉపాధ్యాయులకు ఈ విచార మేల యని పెద్దలు అడుగవచ్చును. మా ఎనిమిదవ తరగతి బాలురు కొందఱు తమ లిఖితపత్రికలో ఇట్టి లోకము నొకదానిని కల్పించిరి. మొదటి సంచికలోనే 11 మంది వీరులు, ఒక పటము, ఆ లోకమునకు నియమములు! రెండవ సంచికలో కథకంటె నియమములే హెచ్చు. మూడవ సంచిక వెలువడలేదు. ఏ వీరుడు ఎవనివాడను తగవు వచ్చి, ఒక్క బల్లమీద కూర్చుండు ఇద్దఱు మిత్రులు చోట్లు మార్చుకొనిరి. పిల్లల తగవని నవ్వి యూరకుండవచ్చును గాని, పెద్ద కంపెనీలయందును కథలు చెడుటకు కారణములు ఇట్టివే.

నిలిచినవి ఎట్లు పుట్టినవో ముందు చూడవలెను. సూపర్‌మాన్ 1938లోను, బాట్‌మాన్ 1939లోను వేర్వేఱు పుస్తకములయందు పుట్టిరి. 1940లో ఆల్ స్టార్ కామిక్స్ 3వ సంచికయందు జస్టిస్ సొసైటీ యను పేర కొందఱు వీరులు మొదటిసారి ఒకచోట కూడిరి. కూడి చేసిన ఘనకార్య మేమి? భోజనపు బల్లచుట్టు కూర్చుండి ఎవరి కథ వారు చెప్పుకొనిరి, అంతియే. అయినను చదువరికి అది పండుగ. ఆ బల్లవద్ద కూర్చున్నవారిలో పెక్కురు అతనికి ముందే చుట్టములు. మన భారతమున సౌగంధిక పుష్పములకై పోవు భీముడు, త్రోవకు అడ్డముగా పడియున్న ముసలికోతి తోకను ఎత్తలేక చెమర్చు ఘట్టమును తరగతిలో చెప్పుచుండగా పిల్లల మొగములు ఎట్లు విప్పారునో మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. ఆ కోతి యెవరో భీమునికంటె ముందు వారికి తెలియును! రామాయణము విననివానికి అది వట్టి కోతి.

మార్వెల్ వారి త్రోవయు నిట్టిదే. ఫెంటాస్టిక్ ఫోర్ 1961లోను, స్పైడర్‌మాన్ 1962లోను వచ్చిరి. 1963లో స్పైడర్‌మాన్ సొంత పుస్తకపు మొదటి సంచికలోనే ఆ నలుగురి యింటికి పోయి, తన్ను చేర్చుకొనుడని యడుగును. లోకమును రక్షించుటకు కాదు సుమా! ఇంట అద్దెకు డబ్బు లేదు. ఇక్కడ జీతమేమైన దొరకునేమో యని. జీతములు లేవని విని చిన్నబోయి వెడలిపోవును. రెండు పుస్తకములను కలిపిన ముడి ఒక పేద బాలుని యక్కఱ. తీగ పెరిగిన పిదప పందిరి వేసినారన్నమాట.

ఇక పందిరి ముందు వేసినవారి సంగతి. మార్వెల్ వారే 1986లో, తమ 25వ వార్షికోత్సవ సమయమున, ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ ఆధ్వర్యమున న్యూ యూనివర్స్ అను క్రొత్త లోకమును స్థాపించిరి. ఒక్కసారిగా ఎనిమిది పత్రికలు. తలంపు మాత్రము మెచ్చదగినదే: ఆ లోకము అచ్చముగా మన లోకము. మంత్రములు లేవు, పరగ్రహవాసులు లేరు. 1986 జూలై 22న ఆకాశమున ఒక తెల్లని వెలుగు మెఱయును. దానివలన కొందఱు సామాన్యులకు శక్తులు కలుగును. కథలో కాలము చదువరి కాలముతో సమముగా నెలకు నెల నడచును. నియమము లన్నియు చక్కగా నున్నవి. కాని ఆరంభమునకు మునుపే సొమ్ము తగ్గింపబడెను. అనుభవముగల చిత్రకారులును రచయితలును చాలినంతమంది దొరకలేదు. చదువరి ఏ యొక్కనినైన ప్రేమించుటకు మునుపే ఎనిమిదింటిని కొనవలసి వచ్చెను. లోకమును ముందు చేసి, తరువాత మనుష్యుని అందు నిలుపుట సృష్టికర్తకు చెల్లినది గాని, పత్రికలవారికి చెల్లలేదు.

1987లో నాలుగు పత్రికలు ఆగిపోయెను. ఆ సంవత్సరమే షూటర్ కొలువునుండి తొలగింపబడెను. 1988లో ది పిట్ అను పుస్తకమున పిట్స్‌బర్గ్ నగరము సమూలముగా నాశనమైనట్లు చూపిరి. అది షూటర్ పుట్టిన యూరు. ఆ లోకపు ముఖ్యవీరుని యూరును అదియే. ఇట్లు చేయుటచే కొంత సంచలనము కలిగియుండవచ్చును. కాని ఇది మీ లోకమే యని చదువరికి చేసిన ప్రమాణ మేమైనది? పుస్తకమునుండి తలయెత్తి చూచినచో అతని పిట్స్‌బర్గ్ నిలిచియే యున్నది. 1989 నాటికి మిగిలిన నాలుగును ముగిసెను. ఒకరు విడిచిన కథను మఱియొకరు చేపట్టుట తప్పు కాదు. ఉమ్మడి లోకమునకు అదియే ప్రాణము. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన పూరించి, నన్నయ కృతిపతియైన రాజరాజనరేంద్రునికే దానిని అంకితము చేసెను. ముందటివాని యింటిలో దీపము పెట్టుట అది. ఇచ్చట జరిగినది ఇల్లు పడగొట్టుట.

షూటర్ తరువాత వేఱుగా నెలకొల్పిన వేలియంట్ సంస్థ ఇంతకంటె బాగుగా నడచెను. దానిని చెఱచినది కఱవు గాదు, కలిమి. ఆ దినములలో కామిక్కులు చదువుటకు గాక దాచి అమ్ముకొనుటకు కొనువారు బయలుదేరిరి. 1991లో ఎక్స్‌మెన్ మొదటి సంచిక ప్రతులు 80 లక్షలకు పైగా అమ్ముడుపోయెను. అందఱు దాచినదానికి వెల యుండదని వారికి ఎవ్వరును చెప్పలేదు కాబోలు. ఆ పొంగును చూచి 1993లో క్రొత్త లోకములు పుట్టగొడుగులవలె లేచినవి. పొంగు చల్లారినది, అంగళ్లు మూతపడినవి, మార్వెల్ సహితము 1996లో దివాలా రక్షణ కోరవలసి వచ్చెను. వేలియంట్‌ను 1994లో అక్లెయిమ్ అను వీడియో ఆటల కంపెనీ కొనెను. వారికి కావలసినవి ఆటలకు పనికివచ్చు పేర్లు. 2004లో ఆ కంపెనీయే దివాలా తీసెను.

నిలిచిన లోకము న్యాయమైన లోకమని మాత్రము మేము చెప్పజాలము. సూపర్‌మాన్‌ను కల్పించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను యువకులకు 1938లో ఆ వీరునిపై సర్వహక్కులకుగాను ముట్టినది 130 డాలర్లు. ఎవని వీరుడు ఎవనివాడను తగవు అచ్చటనే మొదలైనది. మా బాలురు ఈ లెక్క విని కొంతసేపు మాటలాడలేదు. అందుచేత 1993లో పుట్టిన మైల్‌స్టోన్‌ను గూర్చి మాకు ప్రత్యేకాభిమానము. డ్వేన్ మెక్‌డఫీ, డెనిస్ కోవన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్ అను నలుగురు నల్లజాతివారు, తమ జాతి బాలురకు తమవంటి వీరులు పుస్తకములలో లేరని తలచి, డకోటా అను నగరమును కల్పించిరి. అచ్చును పంపకమును డీసీ వారివి. వీరులు మాత్రము కల్పించినవారి సొత్తే. స్టాటిక్ అను వారి వీరుడు బడికి పోవు పిల్లవాడు, పరిహాసప్రియుడు, ఒక్క పుస్తకము చదివినచో స్నేహితుడగును.

అంగడిలో అదియు నిలువలేదు; 1997లో ప్రచురణ ఆగెను. కాని 2000 మొదలు 2004 వఱకు ఆ స్టాటిక్ కథ టెలివిజనులో బొమ్మల చిత్రముగా వచ్చి, పుస్తకమును ఎన్నడు ముట్టని పిల్లలకు పరిచయమయ్యెను. మెక్‌డఫీ 2011లో పరమపదించెను. పదియేండ్ల పిదప, 2021లో, స్టాటిక్ మరల తన సొంత పుస్తకమున, డకోటా నగరములోనే, బడిసంచితో కనబడెను.