ఉద్యోగం చేస్తూ నర్సింగ్ డిగ్రీ: మా ఇంట్లో వేసుకున్న లెక్క

“మీ పాప జీఎన్‌ఎం చేసి తుమకూరులో పనిలో ఉంది కదా, ఇంకా డిగ్రీ ఎందుకు?” అని మనవాళ్లు అడుగుతున్నారు. ఒక్క మాటలో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాము.

మన పావగడ పల్లెల పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, నర్సింగ్ పుస్తకాలు ఇంగ్లీషు. మా పాప పీయూసీలో ఆర్ట్స్. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగుకు సైన్స్ కావాలి కాబట్టి అప్పుడు జీఎన్‌ఎంలో చేర్పించినాము. జీఎన్‌ఎం పాసై, కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాళ్లకు పోస్ట్ బేసిక్ బీఎస్సీ అని వేరే దారి ఉంది. పీయూసీలో ఏ గ్రూపైనా ఫరవాలేదు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

డిగ్రీ లేకపోతే బతుకు లేదని కాదు. 50 పడకలైనా ఉన్న ఆసుపత్రిలో రెండేళ్లు పని చేసి ఉంటే, జీఎన్‌ఎంతోనే ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష రాయొచ్చు. ఎమ్మెస్సీకి మాత్రం అది చాలదు. ఇప్పటికే పాపకు నడుము నొప్పి. ఇంకా ఎన్నేళ్లు నైట్ డ్యూటీలు చేస్తుంది? మా దిగులంతా అదే.

రెగ్యులర్ కోర్సు రెండేళ్లు. క్లాసులు, వార్డు పోస్టింగులు రోజూ ఉంటాయి కాబట్టి ఉద్యోగం మానాల్సిందే. ఫీజు అందరికీ కనిపిస్తుంది, పోయే జీతం ఎవరికీ కనిపించదు. నెలకు 18,000 లెక్కన 24 నెలలకు 4,32,000. మాకు సోలార్ పార్కులో రెండెకరాలు లీజుకు ఉంది. మొదట ఎకరాకు ఏడాదికి 21,000, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు. తిరుమణి పక్కన ఉండేవాళ్లకు ఈ లెక్క నోటికి వచ్చు. ఆ డబ్బు అవ్వ మందులకు, జీఎన్‌ఎం అప్పుకే సరిపోతాది.

ఇక బెంగళూరు నుంచి ఒక ఏజెంటు ఫోన్ చేసి, “కాలేజీకి రానక్కరలేదు, అటెండెన్స్ మేం వేస్తాం” అన్నాడు. ఇంట్లో అందరికీ ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు? పాపే ఒప్పుకోలేదు. “నాన్నా, రేపు నా చేతిలో ఇంజెక్షన్ ఉంటాది, సర్టిఫికెట్ కాదు” అనింది. ఆ మాటతో ఆ బేరం తెగింది.

మిగిలింది ఇగ్నో. ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసమే పెట్టిన కోర్సు, మూడేళ్లు. పీయూసీ ఉంటే జీఎన్‌ఎం తర్వాత రెండేళ్ల అనుభవం అడుగుతారు, ప్రవేశ పరీక్ష రాయాలి. దూరవిద్య అంటే ఇంట్లో కూర్చుని పాసయ్యేది కాదు. ప్రాక్టికల్స్‌కు వాళ్లు చూపిన సెంటర్‌కు పోవాల్సిందే. పావగడ నుంచి తుమకూరే నూరు కిలోమీటర్లు, కాబట్టి సెంటర్ ఎక్కడ పడుతుందన్నది ఫీజు కంటే పెద్ద ప్రశ్న. అందుకే చేరకముందే ఆసుపత్రిలో మేట్రన్ మేడంను కలిసి, ఆ రోజులకు సెలవు ఇస్తామని కాగితం మీద రాయించుకోమన్నాము. నోటి మాట మేడం మారితే పోతాది.

సరిహద్దు పక్కనే కాబట్టి కొందరు హిందూపురం, అనంతపురం కాలేజీలు కూడా చూస్తారు. చదవొచ్చు. కానీ ఎక్కడ చదివినా ఆ కోర్సుకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, మన రాష్ట్ర కౌన్సిల్‌లో డిగ్రీ నమోదవుతుందా అని ముందే కనుక్కోండి.

పాప ఇప్పుడు రాత్రి డ్యూటీ ముగించుకొని పొద్దున రెండు గంటలు ప్రవేశ పరీక్షకు చదువుతోంది. మన సంఘంలో ఎవరి పిల్లలైనా ఇగ్నోలో పోస్ట్ బేసిక్ చేసి ఉంటే, ప్రాక్టికల్స్ ఎట్ల జరిగినాయో మాకు ఒకసారి ఫోన్ చేసి చెప్పండి. సాయంత్రం ఆరు దాటితే ఇంట్లోనే ఉంటాము.