నోటు మీద ఉన్నది... నోట్లో ఉన్నది

వంద రూపాయల నోటు వెనక ఓ పక్కన చిన్న అక్షరాల వరుస ఉంటుంది. మొత్తం పదిహేను భాషలు. చిన్నప్పుడు అందులో తెలుగు ఎక్కడుందా అని వేలు పెట్టి వెతకని వాళ్లుండరు. చైనా నోటు వెనకా అలాంటి వరుసే ఉంది. కాకపోతే పొట్టిది. చైనీస్ కాకుండా మంగోలియన్, టిబెటన్, ఉయిఘర్, జువాంగ్... అంతే. కాంటనీస్ మాత్రం ఎంత వెతికినా కనపడదు. పోనీ, మాట్లాడేవాళ్లు తక్కువా అంటే ఎనిమిది కోట్ల మంది దాకా ఉన్నారు! నోటెక్కిన ఉయిఘర్‌ను మాట్లాడేది కోటి మంది పైచిలుకే.

మరెందుకిలా? చైనా ప్రభుత్వం లెక్కలో ఉయిఘర్ ఒక జాతి మాట్లాడే భాష. కాంటనీసేమో చైనీస్‌లో ఒక యాస. యాస అంటే మనకు శ్రీకాకుళం, నెల్లూరు గుర్తొస్తాయి. ఇది అలాంటి తేడా కాదు. మాండరిన్ తప్ప మరోటి రాని బీజింగ్ మనిషి హాంకాంగ్ బజారులో నాలుగు కూరగాయలు బేరమాడాలన్నా తిప్పలే.

కాంటనీస్‌లో అంతా గొంతులోనే ఉంది. 'సి' అన్న ఒక్క అక్షరాన్నే పైస్థాయిలో నిలిపి పలికితే కవిత్వం. కింది నుంచి పైకి లాగితే చరిత్ర. మధ్యలో నిలిపితే ప్రయత్నం. కిందికి జారిస్తే కాలం. ఇలా ఆరు స్థాయిలు, ఆరు అర్థాలు. థ్యాంక్స్ చెప్పడానికీ రెండు మాటలున్నాయి. ఎవరైనా తలుపు తీసిపెడితే 'మ్‌గోయ్', బహుమతి ఇస్తే 'దోజే'. ఒకదానికి బదులు మరోటి అన్నారంటే పొరుగూరివాళ్లని ఇట్టే తెలిసిపోతుంది.

ఉయిఘర్ దారే వేరు. టర్కిష్, ఉజ్బెక్‌లకు చుట్టం. తెలుగువాళ్లకు వింతగా తోచేదేమిటంటే, వాక్యం నడక అచ్చం మనదే! 'మెన్ అల్మా యేదిమ్' అంటే నేను ఆపిల్ తిన్నాను. క్రియ చివరే వస్తుంది. 'తిన్నాను'లో 'ను' ఉన్నట్టే 'యేదిమ్'లోని చివరి 'మ్' నేను అనే చెబుతుంది. 'కితాబ్లిరిమ్‌దా' అని ఒక్క మాటలో అంటే నా పుస్తకాల్లో అని. కితాబ్, బజార్, దోస్త్, దున్యా... హైదరాబాద్ పాతబస్తీలో పెరిగినవాళ్లకు ఈ మాటలకు అర్థం చెప్పక్కర్లేదు.

ఇంత దూరపు భాషలు రెండూ ఒక్కచోట మాత్రం కలుస్తాయి. కాంటనీస్‌లో 'చా', ఉయిఘర్‌లో 'చాయ్'. మన ఇరానీ హోటల్లో చాయ్ కూడా ఆ కుటుంబమే.

రాత దగ్గరకొస్తే ఎవరి కష్టం వారిది. హాంకాంగ్ పిల్లలు ఇంట్లో ఒకటి మాట్లాడి, బడిలో పుస్తకాల చైనీస్ రాస్తారు. గిడుగువారి వ్యావహారిక ఉద్యమం అక్కడింకా పూర్తికానట్టే. ఉయిఘర్లదేమో అరబిక్ నుంచి వచ్చిన లిపి. 1960ల్లో ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి లాటిన్ అక్షరాలు తెచ్చింది. 1980ల మొదట్లో మళ్లీ పాతదే వచ్చింది. మధ్యలో చదువుకున్న ఒక తరం మాత్రం అమ్మానాన్నల ఉత్తరాలే చదవలేక అవస్థపడింది.

నోటు మీద చోటు లేని కాంటనీస్‌ను బతికించిందేమిటి? సినిమా, పాట, హోటలు! అదీ ఊరికే జరగలేదు. బ్రూస్ లీ మాతృభాష కాంటనీసే అయినా, 1971లో 'ద బిగ్ బాస్' తెరకెక్కింది మాండరిన్‌లో. ఆ రోజుల్లో హాంకాంగ్‌లోనే కాంటనీస్ సినిమా దాదాపు ఆగిపోయింది. 1973లో ఒక్క హాస్యచిత్రం, 'ద హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్', బాక్సాఫీసు బద్దలుకొట్టడంతో మళ్లీ ఊపిరొచ్చింది. 2010లో ఆసియా క్రీడల ముందు గ్వాంగ్‌ఝౌ టీవీని మాండరిన్‌కి మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. జనం వీధిలోకి వచ్చారు. ప్రతిపాదన అప్పటికి ఆగింది. హాంకాంగ్‌లో 2021 జనగణనలోనూ నూటికి 88 మంది తమ రోజువారీ భాష కాంటనీసేనన్నారు. అయినా నిశ్చింత లేదు. కాంటనీస్ కోసం పనిచేసే ఓ సంస్థ గతంలో రచనల పోటీ పెట్టి ఒక కథను ప్రచురించింది. దాని గురించి పోలీసులు ఇంటికి వచ్చారంటూ వ్యవస్థాపకుడు 2023లో సంస్థనే మూసేశాడు.

ఉయిఘర్‌కి నోటూ ఉంది, రాజ్యాంగమూ ఉంది. ఎవరి భాషను వాళ్లు వాడుకోవచ్చు, పెంచుకోవచ్చు అని 1982 నాటి చైనా రాజ్యాంగం నాలుగో అధికరణంలోనే రాసుంది. కానీ 2000 తర్వాత బోధన ఒక్కో మెట్టూ చైనీస్‌కి మారుతూ వచ్చింది. 2011లో అబ్దువెలీ అయూప్ అనే భాషావేత్త కాష్గర్‌లో ఉయిఘర్ మాధ్యమంలో పసిపిల్లల బడి తెరిచాడు. 2013లో అరెస్టయ్యాడు. పైకి చెప్పిన కారణం అక్రమంగా చందాలు సేకరించాడని. జైలు నుంచి బయటికొచ్చాక దేశం విడిచి చివరికి నార్వే చేరాడు. 2017లో హోతాన్ విద్యాశాఖ బడుల్లో ఉయిఘర్ మాటా, రాతా రెండూ వద్దని ఆదేశమిచ్చింది. ఏళ్ల తరబడి ప్రభుత్వ బడుల్లోనే చదివించిన ఉయిఘర్ పాఠ్యపుస్తకాల్లో వేర్పాటువాదం ఉందంటూ షింజియాంగ్ మాజీ విద్యాధికారి సత్తార్ సావుత్‌కి మరణశిక్ష పడినట్టు 2021లో ప్రకటించారు. అమలును రెండేళ్లు వాయిదా వేశారు. పుస్తకాలు పోయాయి. నోటు మీద ఉయిఘర్ అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి.

గ్వాంగ్‌ఝౌలో అంతటి భయం లేదు. అక్కడ జరిగేది మెల్లగా, ఇంట్లోనే జరుగుతుంది. అమ్మమ్మ కాంటనీస్‌లో 'తిన్నావా నాన్నా' అంటుంది. మనవడు మాండరిన్‌లో జవాబిస్తాడు. ఇంగ్లిష్ మీడియం పిల్లలున్న మన ఇళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. ఆమె అన్నది వాడికి అర్థమవుతుంది. తిరిగి ఆ భాషలో చెప్పడమే రాదు.