అమ్మానాన్నల మందుల సంచిలో సీబీడీ సీసా

డాలస్ చుట్టుపక్కల ఏ గ్యాస్ స్టేషన్‌కి వెళ్లినా కౌంటర్ పక్కన సీబీడీ నూనె సీసాలు, గమ్మీలు కనిపిస్తాయి. మన ఇళ్లలోకీ వచ్చేశాయి. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులు, నిద్ర పట్టకపోవడం మామూలే. గుళ్లో ప్రసాదాల దగ్గర ఎవరో ఒకరు "రెండు చుక్కలు నాలుక కింద వేసుకోండి పిన్నిగారూ, ఇది మందు కూడా కాదు, ఆకు పసరే" అంటారు. మంచి మనసుతోనే అంటారు. నా భయమల్లా ఆ సీసా ఆ తరువాత ఎక్కడెక్కడికి ప్రయాణిస్తుందోనని.

సీబీడీని హెంప్ నుంచి తీస్తారు. హెంప్, గంజాయి ఒకే జాతి మొక్కలు. మత్తెక్కించేది టీహెచ్‌సీ, సీబీడీకి ఆ గుణం లేదు. 2018 డిసెంబరులో వచ్చిన ఫార్మ్ బిల్లు ఒక్క అంకెతో హెంప్‌నూ గంజాయినీ విడదీసింది: ఎండు బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం మించకపోతే హెంప్, మించితే గంజాయి. మొక్కకు సరిపోయే ఆ లెక్క గమ్మీకి సరిపోదు. 4 గ్రాముల గమ్మీలో 0.3 శాతం అంటే 12 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ. అలవాటు లేని మనిషి తల తిరగడానికి అది చాలు. అందుకే 2025 నవంబరు 12న సంతకమైన చట్టంలో ఒక్కో సీసాకు, ఒక్కో డబ్బాకు మొత్తం టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములు మించకూడదని, ఏడాది తరువాత అది అమల్లోకి రావాలని రాశారు.

'మందు కాదు' అన్న మాట నేను ఒప్పుకోను. 2018లోనే ఎఫ్‌డీఏ సీబీడీని ఎపిడియోలెక్స్ పేరుతో తీవ్రమైన మూర్ఛలకు మందుగా ఆమోదించింది. మందుగా ఆమోదం పొందిన పదార్థాన్ని తినుబండారాల్లో కలిపి, సప్లిమెంటుగా పెట్టి అమ్మడం కుదరదని ఇప్పటికీ అంటోంది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకునే పెద్దలకు సీబీడీతో ప్రాణాల మీదికి రావచ్చు. వార్ఫరిన్‌ను కాలేయంలో అరిగించే ఎంజైములను సీబీడీ మందగింపజేస్తుంది; ఒంట్లో మందు పేరుకుపోయి రక్తస్రావం కావచ్చు. గుంటూరులో నాన్నగారిని చూసే డాక్టరుకు ఈ చుక్కల సంగతి ఎవరూ చెప్పరు. చెప్పి తీరాలి.

సీసా మీద రాసిందంతా లోపల ఉంటుందనీ లేదు. ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. లేబుల్‌కీ సరుకుకీ లెక్క కుదిరినవి మూడోవంతు కూడా లేవు. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ దొరికింది. కొత్త ఉద్యోగంలో చేరేముందు చేసే మూత్ర పరీక్ష వెతికేది టీహెచ్‌సీ ఆనవాళ్లనే. కొనక తప్పదంటే ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు చూసి, టీహెచ్‌సీ ఎంతో చదివి కొనండి.

వీసా మీద ఉన్న పిల్లలకు మరో మాట, ఇది అసలు గంజాయి గురించి. కొలరాడోలో గంజాయి గమ్మీ కొనడం ఆ రాష్ట్రంలో తప్పు కాదు. ఇమిగ్రేషన్ మాత్రం ఫెడరల్ చట్టం. దాని దృష్టిలో గంజాయి ఇంకా నిషిద్ధమే. కేసు, శిక్ష ఏమీ లేకపోయినా, తిన్నానని అధికారి ముందు ఒప్పుకున్న మాటే గ్రీన్ కార్డుకు అడ్డం పడగలదు. రాష్ట్రం అనుమతించినా గంజాయి వాడకం పౌరసత్వానికి ఆటంకమేనని 2019లో యూఎస్‌సీఐఎస్ రాతపూర్వకంగానే చెప్పింది.

ఇక ప్రయాణం. 0.3 శాతం లోపు సీబీడీని అమెరికా విమానాశ్రయంలో టీఎస్‌ఏ ఆపదు. అక్కడే చాలామంది మోసపోతారు. మనవాళ్లలో ఎందరో హైదరాబాద్ వెళ్లేది దుబాయ్, అబుదాబి మీదుగా. అక్కడ టీహెచ్‌సీ ఛాయ ఉన్నా మత్తుపదార్థమే. సీబీడీ సీసాలతో పట్టుబడి జైలుకెళ్లినవారున్నారు. మన దేశపు 1985 నాటి మత్తుపదార్థాల చట్టం ఎన్‌డీపీఎస్‌లోనూ 0.3 శాతం అనే గీత లేదు. 2021లో అక్కడి ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహారంగా ఒప్పుకున్నవి హెంప్ గింజలు, గింజల నూనె, పిండి మాత్రమే. పూత నుంచి తీసిన రసానికి ఆ అనుమతి వర్తించదు. ఆయుర్వేద లైసెన్సుతో, డాక్టరు చీటీ మీద ఇండియాలో అమ్మేవి వేరు. ఇక్కడి గ్యాస్ స్టేషన్ సీసాకు ఆ రక్షణ ఉండదు.

కాబట్టి పెద్దవాళ్ల తిరుగు ప్రయాణం ముందు రోజు వాళ్ల మందుల సంచి, హ్యాండ్‌బ్యాగు మీరే ఒకసారి వెతకండి. ఎవరైనా ప్రేమగా ఇచ్చిన సీసా ఉంటే తీసేసి, ఎందుకు తీశారో కూర్చోబెట్టి చెప్పండి.